గడియ లేని ఇల్లు

ఆ ఇంట్లో ఒక్క తలుపుకీ గడియ లేదు. స్నానాల గదికి కూడా లేదంటే చూడండి! లోపలున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి, పాట రానివాళ్ళు దగ్గుతూ ఉండాలి. తలుపులు చేసే కార్ఖానా యజమాని ఇంట్లో ఇదేం చోద్యమని కొత్త కోడలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది. తల్లీ తండ్రీ లేని తనను ఏరికోరి చేసుకున్న ఇల్లాయె, వీళ్ళేం చేసినా ఆమెకు ముద్దుగానే ఉండేది.

నెల తప్పాక ఓపిక తగ్గింది. మగవాళ్ళు కార్ఖానాకు వెళ్ళగానే వడ్రంగిని పిలిచి పడకగదికి గడియ వేయించింది. అదేమైనా నేరమా?

భోజనానికి కొడుకుతో కలిసి వచ్చిన మామగారు దాన్ని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. “తీయించమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను,” అని వెక్కివెక్కి ఏడ్చాడు.

చివరికి అత్తగారే గుట్టు విప్పింది.

“యుద్ధంలో బాంబులు పడేటప్పుడు జనం దాక్కోడానికి నేలమాళిగలు కట్టారు కదా, వాటికి తలుపులు మీ మామయ్యే చేశారు. ఉక్కు గడియలకి డబ్బు తీసుకుని రేకు గడియలు బిగించారు. ఒకచోట పొగ కమ్మేసింది. గడియ వంగి ఇరుక్కుపోయింది. లోపలున్నవాళ్ళు ఎంత గుంజినా రాలేదు. బాంబు వల్లే పోయారని ఊరంతా అనుకుంది. మేమూ అనుకోనిచ్చాం.”

“ఎక్కడ?”

అత్తగారు కోడలి తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంక చెప్పనక్కర్లేదు. కోడలి తల్లీ తండ్రీ పోయింది అలాంటి నేలమాళిగలోనే. చంటిపిల్లగా ఆ పూట పిన్ని దగ్గర ఉండబట్టి ఆమె బతికింది.

“నన్ను ఏరికోరి తెచ్చుకున్నది అందుకా?”

కోపం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎంత మురిసిపోయింది! భర్త వైపు తిరిగింది. “మీకూ తెలుసా?”

“చెప్తే ఒప్పుకునేదానివా?” అన్నాడతను గోడకేసి చూస్తూ.

“కడుపులో పెట్టుకోమ్మా. బయటికి పొక్కితే రేపు నీ బిడ్డే తలెత్తుకోలేదు,” అంది అత్తగారు. కడుపులో ఉన్నది చాలదన్నట్టు ఇదొకటి!

“పిన్నికి చెప్పేస్తాను,” అంది కోడలు. పెంచిన పిన్నికి కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

నెల తప్పిన కబురు అందిన పిన్ని ఆ సాయంత్రమే ఆయాసపడుతూ వచ్చింది. కూతురి బుగ్గలు నిమిరి, అందరి వైపూ చూసి కళ్ళు ఒత్తుకుంది.

“ఇంత మంచివాళ్ళ చేతిలో పెట్టాను కదా, ఇంక మా అక్కకి నేనేం బాకీ లేనే!”

అత్తా మామా భర్తా ముగ్గురూ కోడలి వైపే చూశారు. కోడలు నోరు తెరిచింది. చెప్తే పిన్ని ఈ గుమ్మం దాటి ప్రాణాలతో ఇల్లు చేరుతుందా? సొంత అక్క బిడ్డను ఎవరి చేతిలో పెట్టిందో తెలిశాక?

“అవును పిన్నీ, చాలా మంచివాళ్ళు,” అంది.

ఆ మాట అచ్చం అత్తగారి గొంతులా పలికింది.