బంగళా మామిడి మీది జెండా

నరసింహం మాస్టారికి లోకంలో ఎవరిమీదా కుళ్ళు లేదు, ఒక్క బుచ్చయ్య మీద తప్ప. ఆ బుచ్చయ్య చూస్తే ముసునూరు తోటల్లో మామిడికాయలు కోసే కూలివాడు. చదువు లేదు, సెంటు భూమి లేదు. అలాంటివాణ్ణి చూసి ఏడుస్తున్నందుకు మాస్టారికి తనమీద తనకే రోత. అయినా ఏడుపు తగ్గలేదు.

అంతటికీ కారణం నలభైరెండు ఆగస్టు. తహసీల్దారు మకాం చేసే బంగళా ముందున్న పెద్ద మామిడిచెట్టు చిటారుకొమ్మన జెండా కట్టాలని కుర్రకారు తీర్మానించుకున్నారు. జెండా కుట్టింది మాస్టారి భార్య సౌభాగ్యలక్ష్మి. అప్పటికి ఆమె కాపరానికి వచ్చి నెల. కొత్త పెళ్ళికొడుకు ఊరుకుంటాడా? తనే ఎక్కాడు. సగం దూరం పోయాడో లేదో ఎర్రచీమలు ఒళ్ళంతా పట్టేశాయి. పంచె ఊడిందో ఉందో చూసుకోకుండా జారి కిందపడ్డాడు.

ఆ చెట్టు ఎక్కాలంటే ముందు ఒళ్ళంతా బూడిద పూసుకోవాలని తోటల్లో బతికేవాళ్ళకి తెలుసుగానీ, బడిపంతులుకేం తెలుసు? బుచ్చయ్య నవ్వలేదు. జెండా అందుకుని, పొయ్యిలో బూడిద తెప్పించి పూసుకుని, చకచకా వెళ్ళి కట్టేసి వచ్చాడు. చీమలకి జడిసి ఒక్క పోలీసూ చెట్టెక్కలేదు. జెండా మూడు రోజులు ఎగిరింది. బుచ్చయ్య ఆర్నెల్లు జైల్లో ఉన్నాడు.

అది మొదలు ఇంటికి ఎవరొచ్చినా సౌభాగ్యలక్ష్మి ఆ కథే చెప్పేది. "మా ఆయన చీమలకి ఎన్ని గంతులేశారనుకున్నారు!" అని పడీపడీ నవ్వేది. తరవాత "ఆ బుచ్చయ్య ఉన్నాడు చూడండీ..." అంటుంటే ఆమె కళ్ళు మెరిసేవి. ఆ మెరుపు చూస్తే మాస్టారికి ఒళ్ళు మండిపోయేది.

అరవయ్యో సంవత్సరంలో తాలూకా చరిత్ర సంఘం అని ఒకటి వెలిసింది. దొరలు రాసింది మనకెందుకు, మన చరిత్ర మనమే రాసుకుందాం అన్నారు. ఆ పని మాస్టారికే అప్పజెప్పారు. బంగళా మామిడి దగ్గరికి వచ్చేసరికి 'బుచ్చయ్య' అని రాశాడు, కొట్టేశాడు. తన పేరు రాసుకునే ధైర్యం లేదు, వాడి పేరు రాసే మనసు లేదు. చివరికి 'ఒక దేశభక్తుడు' అని రాసి పంపేశాడు. ప్రాణం హాయిగా ఉంది.

ఆగస్టు పదిహేనున బడి ఆవరణలో సభ పెట్టి పుస్తకం విడుదల చేశారు. ఆ పేజీ చదవమని అధ్యక్షులవారు మాస్టారినే లేపారు. అచ్చులో 'ఒక దేశభక్తుడు' లేడు. ఆ చోట 'శ్రీ కృష్ణమూర్తిగారు' ఉన్నారు. బాపులపాడు మిల్లు యజమాని, అధ్యక్షులవారి బావమరిది. ఆ రోజుల్లో వేసవి వేసవికీ తహసీల్దారుకి రసాల బుట్టలు పంపిన మనిషి. ఇప్పుడు ముందువరసలో పొట్టమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారు గొంతు సవరించుకుని ఉన్నది ఉన్నట్టు చదివేశాడు.

వెనకవరసలో బుచ్చయ్య లేచాడు. "మాస్టారండీ, ఒక్క మాటండీ. కృష్ణమూర్తిగారు బూడిద పూసుకునే ఎక్కారాండీ?"

కోతకూలీలు గొల్లుమన్నారు. అధ్యక్షులవారు మాస్టారికేసి చూశారు. ఆడవాళ్ళలోంచి సౌభాగ్యలక్ష్మీ చూసింది. ఒక్క మాట చాలు. చెట్టెక్కింది బుచ్చయ్య అంటే సరిపోయేది. ఆ మాట మాస్టారి నోటిదాకా వచ్చింది. భార్య కళ్ళు మళ్ళీ బుచ్చయ్య వైపు తిరిగి మెరుస్తాయేమో అనిపించింది.

"పూసుకునే ఉంటారు," అన్నాడు.

"మీరు రాశారంటే మరి నిజమే అయ్యుంటదండి," అని బుచ్చయ్య తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

వారం తరవాత పక్కింటికి కొత్తగా దిగిన సరోజ వచ్చి, "జెండా కథ మీరు బాగా చెప్తారటగా పిన్నిగారూ!" అని అడిగింది. సౌభాగ్యలక్ష్మి చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"పుస్తకంలో వేశారమ్మా. చదువుకో."

వీధరుగు మీద మాస్టారు విన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ కథ ఆగిపోవాలని కోరుకున్నాడు. ఆగిపోయింది. తన గంతులు చెప్పి ఆమె పడీపడీ నవ్వే నవ్వు కూడా మళ్ళీ ఆ ఇంట్లో వినపడలేదు.