తప్పు చెప్పే పాత్ర

మా అమ్మాయి అద్దం ముందు నిలబడి, నాలుగు పెద్దది కాబట్టి మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదని పదేపదే వల్లిస్తోంది. నిన్నగాక మొన్న ఆపిల్ కోసి మరీ నేర్పిన లెక్క అది. మతి గానీ పోయిందా అని కసిరాను. అది నావైపు జాలిగా చూసి, అసలు జవాబు తనకు తెలుసనీ, కానీ తప్పు చెప్పడమే తన పాత్ర అనీ చెప్పింది.

మర్నాడు బడికి వెళ్లి నిలదీశాను. వాళ్ల టీచరు ఈమధ్యే ఏదో శిక్షణ పూర్తిచేసుకుని వచ్చింది, ఒళ్లు తెలియని ఉత్సాహంలో ఉంది. ఇకమీదట పిల్లలకు ఏదీ చెప్పకూడదట, వాళ్లంతట వాళ్లే కనుక్కోవాలట. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ కనుక్కోవడం కళ్లారా చూస్తాడట. తీరా ఆయన ముందు ఎవరూ ఏమీ కనుక్కోకపోతే పరువేం కావాలి? అందుకని ఆవిడ రెండు వారాలుగా కనుక్కోవడం బట్టీ పట్టిస్తోంది. ఒకడు అనుమానపడాలి, మా అమ్మాయి తప్పు చెప్పాలి, వెనక బెంచీ పొడుగువాడు కాగితం కత్తిరించి నిజం కనుక్కోవాలి, తక్కిన అందరూ ఒక్కసారే "ఓహో" అనాలి. నా ఎదుటే ఆ ఓహో కాస్త అటూ ఇటూ అయిందని అందరిచేతా మళ్లీ అనిపించింది.

తప్పు చెప్పడానికి మా పిల్లే దొరికిందా అని అడిగాను. పొరపాటు కూడా నేర్చుకోవడంలో ఒక మెట్టేననీ, దాన్ని తడబడకుండా చెప్పగలిగేంత తెలివి క్లాసు మొత్తంలో మా అమ్మాయికే ఉందనీ నన్ను మునగచెట్టు ఎక్కించింది. నేను దిగివచ్చి అసలు భయం చెప్పాను. ఆ రోజే ఇన్‌స్పెక్టరు క్లాసును చురుకైనవాళ్లు, నెమ్మదివాళ్లు అని రెండుగా విడదీస్తాడు. నెమ్మది గుంపులో పడ్డ పిల్లని ఆ తర్వాత ఏ టీచరూ పట్టించుకోదు. ఆ సంగతి తనకు వదిలేయమనీ, పాఠం అవగానే ఆయనకు తనే చెబుతాననీ ఆవిడ మాట ఇచ్చింది. మాటిచ్చింది కదా అని ఊరుకున్నాను.

శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, మిగతా తల్లిదండ్రులతోపాటు గోడవారగా కూర్చున్నాను. అనుమానం వచ్చింది, తప్పు వచ్చింది, కాగితం తెగింది, ఓహో అదిరింది. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు. టీచరు మొహం చేటంత అయింది. ఆయన కలం తీసి పిల్లల్ని విడదీయడం మొదలుపెట్టి, మా అమ్మాయిని చూపించి, ఈ పాప నెమ్మది గుంపులోకి అన్నాడు.

నేను టీచరు వైపు చూశాను. ఆవిడ బోర్డు వైపు తిరిగి, తుడిచిందే తుడుస్తోంది. ఆ పిల్లకు అన్నీ వచ్చునంటే తన పాఠం గుట్టు బయటపడుతుంది మరి. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"దానికి ఆ లెక్క వచ్చండి. నేర్పించిన మాటలు పక్కనబెట్టి, ఒక్కసారి నిజంగా అడిగి చూడండి సార్."

పాపం, ఆయన చెడ్డవాడేం కాదు. దగ్గరికి వచ్చి, వంగి, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని నెమ్మదిగా అడిగాడు. మా అమ్మాయి నావైపు చూసింది. చెప్పమని తలూపాను.

"మూడో వంతు సార్. తక్కువమందికి పంచితే ఎవరి ముక్క వాళ్లకి పెద్దదొస్తుంది."

నా ప్రాణం లేచివచ్చింది. అంతలో, రెండు వారాల అలవాటు కొద్దీ, టీచరు నోరు తనంతట తానే తెరుచుకుంది.

"అది నీ జవాబు కాదమ్మా, వెనక బెంచీ అబ్బాయిది."

ఇన్‌స్పెక్టరు చేతిలో కలం ఆగిపోయింది. మా అమ్మాయి మొహం కందిపోయింది. సారీ మేడమ్ అని చేతులు కట్టుకుని, నాలుగో వంతే పెద్దదని చెప్పి కూర్చుంది.