లైను నుంచి సర్కిల్‌కి

జోగులమ్మ ఫోనందుకుంటే, చేసినవాళ్ల పేరు తప్ప అన్నీ గుర్తుంటాయి. తొంభయ్యారులో నర్సీపట్నంలో ఆ వీధి మొత్తానికీ ఎదురింటి ఫోనే దిక్కు. ఆ సాయంత్రం కోడలు అప్పలలక్ష్మి కోటవురట్ల కాలేజీలో లెక్కల పాఠాలు చెప్పి, బస్సు దిగి వచ్చేసరికి ముసలమ్మ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఇశాపట్నం నుంచి ఎవులో పెద్దాయన ఫోన్ సేసాడమ్మా. లైను నుంచి సర్కిల్‌కి ట్రాన్స్‌ఫర్ అవ్వదని సెప్పమన్నాడు. అయిపోనాది మన బతుకు!"

లోపల అప్పలలక్ష్మి మొగుడు దేవుళ్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కరెంటాఫీసులో లైన్‌మన్. నిరుడు స్తంభం మీంచి పడ్డాక కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. లైను పని మాన్పించి, విశాఖపట్నం సర్కిల్ ఆఫీసులో కూర్చునే పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు.

"రేపు స్తంభం ఎక్కేత్తాను," అన్నాడు గోడతోనే.

అప్పలలక్ష్మికి విన్న క్షణమే అర్థమైంది. ఆ కబురు తనది. ఏడేళ్లుగా సెలవురోజుల్లో విశాఖపట్నం యూనివర్సిటీకి తిరుగుతూ రాస్తున్న థీసిస్‌కి ప్రాణం ఒకే ఒక్క సిద్ధాంతం. తరంగాన్ని విడగొట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కో సంఖ్యతో గుణించేది గుణకం. సరళరేఖ మీద అదుపులో ఉన్న గుణకాన్ని వృత్తం మీదికి మార్చినా అదుపులోనే ఉంటుందని ఆమె రుజువు. పోయిన వారం గైడుగారికి అందులో అనుమానం వచ్చింది. సరిచూసి ఫోన్ చేస్తానన్నారు.

తప్పెక్కడుందో ఇప్పుడు ఆమెకీ కనబడింది. రేఖ మీద పూర్ణసంఖ్యల దగ్గర గుణకం విలువలు మార్చేసినా రేఖకు పట్టదు. వృత్తానికి ఆ విలువలే సర్వస్వం. అక్కడ గుణకం తెగకుండా, అవిచ్ఛిన్నంగా సాగాలన్న షరతు ఆమె పెట్టలేదు. పెడితే అది ఎప్పటినుంచో అందరికీ తెలిసిన సిద్ధాంతమే అయి కూర్చుంటుంది. థీసిస్ గడువు ఈ నెలాఖరుకి సరి.

ఏడుపు రాలేదు. చేతిసంచి కింద పెట్టాలని కూడా తోచలేదు. తన థీసిస్ పోయినందుకు ఇంట్లో ఇద్దరు తెలియకుండానే ఏడుస్తున్నారు. ఇంకాసేపు ఏడవనిద్దామా అనిపించింది కూడా.

"మీ ఆఫీసోళ్లు కాదండీ," అంది చివరికి. "మా గైడుగారు. నా థీసిస్ సంగతి. మీ అర్జీకింకా ఏటీ అవ్వలేదు."

"తలుపులమ్మ తల్లీ! బతికించినావు!" అంటూ జోగులమ్మ టీ పెట్టడానికి పరిగెత్తింది. దేవుళ్లు లేచి కూర్చుని, చాన్నాళ్ల తర్వాత పెద్దగా నవ్వాడు.

"అయితే నీది సర్కిల్‌కి అవ్వదంటావు. మరి లైన్లో బాగానే ఉంది గదా?"

"బాగానే ఉందండీ."

"మరింకేటి, అక్కడే ఉండనీ!"

అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏడేళ్లలో ఆ ఇంట్లో ఆమె పని గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఇప్పుడు ఏ పనీ లేదు.