ఆ తేదీ ఇంకెవరికి తెలుసు?

ఆ పూట పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మొదటిసారి వేస్తున్నప్పుడు గట్టు మీద అత్త కళ్ళలో వేసే చుక్కల సీసా కనిపించింది. వేద్దామని తీసుకెళ్తే, ఉతికిన బట్టలు వరండాలో బకెట్లోనే ఉన్నాయి. అవి ఆరేస్తుంటే సాక్సు దొరకడం లేదని బావ కేకేశాడు. మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఉప్పు వేశానో లేదో గుర్తులేదు.

"ఏటే నీలవేణీ, సముద్రం ముంచి తెచ్చీసినావేటి?" అంది అత్త గురమ్మ. ఆవిడ నవ్వుతూనే అంది. బావ నవ్వలేదు. కంచం పక్కకి జరిపి, గ్లాసుడు నీళ్ళు తాగి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

త్రినాథ్ నాకు మేనమామ కొడుకు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా బావ అనే పిలుస్తాను. ఆర్టీసీలో కండక్టరు. తాగడు, కొట్టడు. మంచివాడే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకుంటూ ఉంటాను.

నేను కొత్తవలస అవతల కిరండూల్ లైను మీద ఒక రైల్వే గేటు చూస్తాను. స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. మాస్టరు చెప్పిన నంబరు తిరిగి చెప్పి, పుస్తకంలో రాసి, గేటు వేసి, తాళం పెట్టి, వేసినట్టు గుర్తుగా నా నంబరు చెబుతాను. ఆ తరవాత ఇనుప ఖనిజం బండి పొడుగ్గా, ఎర్రటి దుమ్ముతో వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళలో ఒక్క పొరపాటు లేదు.

ఇంట్లో మాత్రం అన్నీ పొరపాట్లే. పాలు పొంగిపోవడం, తాళంచెవి బియ్యం డబ్బాలో దొరకడం, పేరంటానికి మర్నాడు వెళ్ళడం. ఒక పని సగంలో ఇంకొకటి, దాని సగంలో మరొకటి. రాత్రికి చూస్తే ఏదీ పూర్తవదు, నడుము మాత్రం విరిగిపోతుంది. "గేటుకాడ జీతమొస్తాది గాబట్టి తెలివొస్తాది. ఇంటికాడ రాదు" అనేవాడు బావ. నిజమేనేమో అనుకునేదాన్ని. నాకు ఇల్లంటే ప్రేమ లేదేమో, పైకి నటిస్తున్నానేమో అని నన్ను నేనే అనుమానించుకునేదాన్ని.

మా అమ్మాయి అనూరాధ అయిదో తరగతి. బాలికల గురుకులం ప్రవేశ పరీక్ష రాస్తానని ఏడాదంతా లెక్కలు చేసింది. నోటిఫికేషన్ పేపర్లో చూసి తెచ్చింది బావే. "ఇరవై మూడు ఆఖరు. సూసుకో" అని నా చేతిలో పెట్టాడు. స్టడీ సర్టిఫికెట్ తెచ్చాను. ఫొటోలు తీయించాను. అన్నీ ఒక కవర్లో పెట్టి నా డ్యూటీ బ్యాగులో వేసుకున్నాను. దారిలో ఆన్‌లైన్ సెంటర్లో ఇస్తే అయిపోతుంది. వారం రోజులు ఆ సెంటరు ముందునుంచే వెళ్ళాను, వచ్చాను. ఇరవై అయిదో తారీకున నీళ్ళ సీసా కోసం బ్యాగులో చెయ్యి పెడితే ఆ కవరు తగిలింది.

"కన్నతల్లివేనా నువ్వు?" అన్నాడు బావ. అనూ నా చెయ్యి పట్టుకుని, "పర్నేదమ్మా, ఇక్కడే సదుంకుంతాను" అంది. కాసేపటికి స్నానాలగదిలో కుళాయి చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. లోపల బకెట్ నిండి పొర్లిపోతున్నా అనూ కుళాయి కట్టడం లేదు. తలుపు ఇవతల నేను అలాగే నిలబడ్డాను.

మర్నాడు రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నన్ను గేటు నుంచి తీసీయండి సార్" అన్నాను. కన్నబిడ్డ బతుకునే మరిచిపోయినదాన్ని, రేపు బండిని మరిచిపోనని ఏమిటి నమ్మకం? ఆయన నా సర్వీసు పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. గేటు సంగతి తరవాత, ముందు చూపించుకోమని విజయనగరంలో మానసిక వైద్యుడికి చీటీ రాసిచ్చాడు.

అక్కడ రెండుసార్లు గంటల తరబడి అడిగారు. చిన్నప్పటి సంగతులు, బళ్ళో పలకలు పోగొట్టుకోవడం, కిటికీలోకి చూస్తున్నానని గోడకుర్చీ వేయించడం, అన్నీ. మా అమ్మకి ఫోన్ చేసి ఆమెనీ అడిగారు. ఆఖర్న ఏడీహెచ్‌డీ అన్నారు, ధ్యాస ఒకచోట నిలవకపోవడమట.

"అది సిన్నపిల్లలకి కదండీ?"

"ఆ పిల్లలే కదమ్మా పెద్దవాళ్ళయ్యేది."

ముప్పై ఏడేళ్ళకి నా అశ్రద్ధకి ఒక పేరు దొరికింది. మాత్ర రాసి, వారానికోసారి అరుణశ్రీ గారితో మాట్లాడమన్నారు. కౌన్సెలరు. నాకంటే చిన్నదే. చిన్న గది, రెండు కుర్చీలు. మొదటిరోజు ఏడవడానికే సరిపోయింది. ఆవిడ గడియారం చూడలేదు.

రెండోసారి గేటు పని ఎలా చేస్తానో చెప్పమంది. చెప్పాను.

"ఏ బండి ఎప్పుడొస్తుందో గుర్తుపెట్టుకుంటారా?"

"నానెందుకు మేడం? ఫోనొస్తాది కదా."

"మరి ఇంట్లో మీకు ఫోను ఎవరు చేస్తారు?"



ఆ వారం నాకొక పని చెప్పింది. తలలో మోస్తున్నవన్నీ రాసుకురమ్మంది. బావ ప్రెషర్ మాత్రలు, అత్త కంటి చుక్కలు, గ్యాసు, ఆడపడుచు పెళ్ళిరోజు, అనూ ప్రాజెక్టు అట్టలు, బావ యూనిఫాం ఇస్త్రీ. కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఆవిడ చదివి, ఒక్కొక్కటీ ఎవరి పనో పక్కన రాయమంది. రాస్తూ రాస్తూ ఉంటే నా పేరు ఎంత తక్కువసార్లు వచ్చిందో! అప్పుడు అడిగింది, చాలా నెమ్మదిగా.

"ఇరవై మూడు ఆఖరు అని ఇంకెవరికి తెలుసు, నీలవేణి గారూ?"

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. పేపర్లో చూసింది ఆయన. నా చేతిలో పెట్టింది ఆయన. ఆ వారమంతా ఆ సెంటరు ముందునుంచి ఆయన బస్సూ వెళ్ళింది. మరిచిపోయింది మాత్రం నేనొక్కదాన్నే అయ్యాను. కోపం రాలేదు. భుజం మీద కావిడి దించినవాళ్ళకి ఒక్కసారి ఒళ్ళు తూలుతుందే, అలా తూలింది.

"అంటే నా తప్పు నేదా మేడం?"

"మీరు మరిచిపోయారు, అది నిజం. మీరొక్కరే గుర్తుపెట్టుకోవాలనుకోవడం వేరే సంగతి. రెండూ కలిపేసి ఇన్నాళ్ళూ మోశారు."

ఒక్కరోజులో ఏమీ మారలేదు. మాత్ర వేసుకున్న రోజుల్లో తలలో సందడి కొంచెం తగ్గేది. మిగతాది చేత్తో నేర్చుకోవలసి వచ్చింది. పొయ్యి మీద ఏదైనా ఉంటే వంటగది దాటకూడదు. గుర్తొచ్చిన పని వెంటనే గోడమీది బోర్డు మీద రాసి, చేతిలోది ముగించాలి. పెద్ద పనిని పది నిమిషాల ముక్కలు చెయ్యాలి. తప్పు జరిగినప్పుడు లోపల తిట్టే గొంతు ఎవరిదో వినాలి. విన్నాను. ఒకసారి బళ్ళో మేష్టారిది, ఎక్కువసార్లు బావది. నా గొంతు అందులో లేదు. అసలు నా గొంతు ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలీదు.

అత్త మొదట్లో "గోడకి సెప్పుకుంతన్నాది సూడు" అని వెక్కిరించింది. ఫోన్లో అలారం పెట్టి చుక్కలు తనే వేసుకోవడం నేర్పాను. ఇప్పుడది మోగగానే వీధిలోకి వినిపించేలా "నా మందు టైమైపోనాది!" అంటుంది, ఏదో పదవి దొరికినట్టు.

ఒక ఆదివారం అనూకి జడ వేస్తూ చెప్పాను. "ఆ కాయితం నానే మర్సిపోనానమ్మా. తప్పే. కానీ నువ్వంటే లెక్కనేక కాదు."

"తెలుసమ్మా. ఇంకమీద తేదీలన్నీ నాకు సెప్పీ. నాను గుర్తుంచుకుంతాను."

దువ్వెన ఆగిపోయింది. పదేళ్ళ పిల్ల అప్పుడే కావిడి కింద భుజం పెడుతోంది. "వద్దమ్మా. నీ పనులు నువ్వు గుర్తుంచుకో, సాలు. ఇంట్లోవాళ్ళ పనులు ఇంట్లోవాళ్ళే సూసుకుంతారు" అన్నాను. ఆ మాట దానికి చెప్పానో నాకు నేను చెప్పుకున్నానో తెలీదు.

ఆ సాయంత్రమే బావ చెప్పులు విప్పుతూ, వంటింటి వైపు చూడకుండానే అన్నాడు. "బుధారం డిపోలో మెడికల్ కాయితాలు ఇచ్చీయాల. గుర్తుసెయ్యే."

పద్నాలుగేళ్ళుగా ఆ మాటకి 'ఊ' అనడమే నా నోటికి అలవాటు. స్టవ్ ఆర్పి, చెయ్యి తుడుచుకుని ఆయన ముందుకి వచ్చాను.

"సెయ్యను బావా."

"ఏటీ?"

"నీ కాయితాలు నువ్వే గుర్తుంచుకో. బోర్డు మీద రాసుకుంతావో, ఫోన్లో పెట్టుకుంతావో నీ ఇష్టం."

"ఏటైపోనాదే నీకు? నాను మర్సిపోతే?"

ఆయన మొహంలో కోపం లేదు. బెరుకు ఉంది. ఆ బెరుకు నాకు బాగా తెలుసు, పుట్టినప్పట్నుంచీ దానితోనే బతికాను. పక్కన కూర్చుని ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

"మర్సిపోతే మర్సిపోతావు బావా. ఈ ఇంట్లో నిన్నెవులూ ఏటీ అనరు."