గోరువెచ్చటి నీళ్ళు

చొక్కా మెడపట్టీ కింద మిగిలిపోయిన దారాన్ని వేలికి చుట్టి లాగిపట్టి, దానమ్మ చిన్న కత్తెరతో చటుక్కున కత్తిరించింది. చొక్కా తిప్పింది. చంక కింద ఇంకొకటి. అదీ తెంపి, మడిచి, పక్కన గుట్ట మీద వేసి మరో చొక్కా అందుకుంది. నాచారం పారిశ్రామికవాడలోని ఆ బట్టల యూనిట్లో కుట్టేవాళ్ళు వేరు, ఇస్త్రీ చేసేవాళ్ళు వేరు. కుట్టు అయిపోయాక వేలాడే దారాల సంగతి చూసేది దానమ్మ. పొట్టి మనిషి, మొహం మీద అక్కడక్కడా మచ్చలు, నెరిసిన జుట్టు బిగించి వేసిన ముడి, చీర నిండా నూలుపోగులు. ఆమెను పనిగట్టుకుని చూసేవాళ్ళెవరూ లేరు.

కానీ ఉప్పల్, నాచారం చుట్టుపక్కల దానమ్మ వాళ్ళ చర్చి సంఘానికి చెందిన ఇళ్ళలో ఆడమనిషి కన్నుమూసిందంటే పాస్టరు తర్వాత ఫోను వెళ్ళేది దానమ్మకే. శవానికి స్నానం చేయించడం, తల దువ్వడం, తెల్లచీర కట్టడం, చేతులు గుండెల మీద చేర్చడం, ఇవన్నీ ఆమె అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఈ పని వల్ల ఒక కట్టుబాటు కూడా ఏర్పడిపోయింది. దానమ్మ రోగుల్ని చూడడానికి వెళ్ళదు. వెళ్తే పాపం వాళ్ళు జడుసుకోరూ! ఆమెకు ఫోను చేసినవాళ్ళు కూడా చావు మాట ఎత్తరు. "అక్కా, జర మీరు రావాలె" అంటారు, అంతే. దానమ్మ సంచి పట్టుకుని బయల్దేరుతుంది.

ఆవేళ ఆమె కత్తెర రెండుసార్లు వేలికి తగిలింది. ఆదివారం నుంచీ ఆమెకు భయంగా ఉంది. ఏదో ఒక మూల కాదు, అన్నం తింటుంటే గొంతులో, నడుస్తుంటే మోకాళ్ళలో.

సంఘం చీలిపోయి రెండేళ్ళు కావస్తోంది. ముసలి పాస్టరు గారి సమాధి మీద పూలు వాడకముందే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలని మొదలైంది. సంఘపెద్ద అబ్బయ్య ఒక వైపు, రెబెక్కమ్మ కొడుకు టిమోతి ఒక వైపు. ప్రభువు ఒక్కడే, పాటల పుస్తకం ఒక్కటే, మందిరం తలుపుకు మాత్రం రెండు తాళాలు! ఇప్పుడు అబ్బయ్య వైపు వాళ్ళు, దానమ్మతో సహా, రేకుల షెడ్డులో, టిమోతి వైపు వాళ్ళు ట్యూషన్ సెంటరు హాల్లో ఆరాధన చేసుకుంటున్నారు. ఒకరినొకరు ప్రేమించమని ఇద్దరూ మైకులు పగిలేలా చెబుతున్నారు.

మొన్న ఆదివారం అబ్బయ్య లేచి నిలబడ్డాడు. "మంచికైనా చెడ్డకైనా, వాళ్ళ గడప తొక్కినోళ్ళు మన సహవాసంల ఉండరు. వాళ్ళకు ప్రభువు బల్ల రొట్టె లేదు. రేపు అట్ల తొక్కినోళ్ళు సస్తే మనల ఒక్కరు పోరు" అన్నాడు. అంటూ ఆడవాళ్ళ వైపు చూశాడు. దానమ్మకు ఆయన తననే చూశాడనిపించింది.

మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ షెడ్డులో చాప మీద కూర్చునే నలుగురు ఆడవాళ్ళు. ఇంతమందిని కడిగిన తనను రేపు ఎవరు కడుగుతారు? ఒంటి మీద నిన్నటి చెమటతోనే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు మున్సిపాలిటీ బండిలో పడేసుకుని పోతారా? ఆ బండి తలుపు చప్పుడు కూడా వినిపించినట్టయి ఆమె చేతిలో చొక్కాను గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసి ముద్ద కలిపింది. ఫోను మోగింది.

"ఆంటీ, నేను మానసను. టిమోతి భార్యను." ఆ పిల్ల వరంగల్ వైపు నుంచి కోడలుగా వచ్చి ఏడాది కాలేదు. "అత్తమ్మ కోసం... జర మీరు రావాలె ఆంటీ." అంతలో ఏడుపు. ఫోను పెట్టేసింది.

ముద్ద దానమ్మ చేతిలోనే ఆగిపోయింది. రెబెక్కక్క పోయిందన్నమాట. కడుపులో గడ్డ అని, దవాఖానా వాళ్ళు ఇంటికి పంపేశారని వింటూనే ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే చాప, ఒకే గొడుగు. కూర వండితే గిన్నె ఆ ఇంటికి, ఈ ఇంటికి తిరిగేది. చీలిక వచ్చాక, మొగుడి సమాధి ఉన్న స్థలం అబ్బయ్య చేతిలో ఉండడంతో, దాన్ని వదల్లేక దానమ్మ ఆయన వైపే ఉండిపోయింది. పోయిన శుభశుక్రవారం నాడు రోడ్డు మీద ఎదురుపడి "వందనాలక్కా" అంటే రెబెక్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను సచ్చినా నీ చెయ్యి నా మీద పడొద్దు" అంది, పదిమంది వింటుండగా. ఆ మాట దానమ్మ ఒంట్లో ముల్లులా విరిగి ఉండిపోయింది.

ఫోను రాలేదనుకుంటే పోలా? ఎవరడగొచ్చారు? వెళ్తే అక్కడ టిమోతి గెంటేస్తాడు, ఇక్కడ అబ్బయ్య వెలేస్తాడు. రెండు వైపులా చెడుతుంది. కానీ వాళ్ళ గుంపులో శవాన్ని కడగడం తెలిసిన ఆడది లేదు. అంబులెన్సు మగవాళ్ళు రెబెక్కక్కను అటూ ఇటూ దొర్లిస్తారన్న ఊహ రాగానే దానమ్మ డబ్బా మూత పెట్టేసింది. 'ప్రభువా, నాకు భయమైతుంది. నువ్వు ముందల నడువు, నేను ఎనక వస్త' అనుకుంది.

సూపర్‌వైజరు తలెత్తకుండానే అడిగాడు. "మళ్ళ సావా, దానమ్మా?"

"అవ్ సారు."

గదికి వెళ్ళి మంచం కింది సంచి తీసింది. తెల్లచీర, దూది, కొత్త దువ్వెన, సెంటు సీసా ఉన్నాయో లేదో చూసుకుంది. షేర్ ఆటోలో హబ్సిగూడ మీదుగా పోతుంటే సంచిని కాళ్ళ మధ్య దాచుకుంది. మెట్రో స్తంభాల నీడలు ఒళ్ళో పడి పోతున్నాయి. ఎక్కిన ప్రతివాడూ అబ్బయ్య మనిషిలాగే కనిపించాడు.

ఉప్పల్ స్టేడియం వెనక గల్లీలో దిగింది. ఇంటి ముందు కుర్చీలు లేవు, షామియానా లేదు, ఏడుపు లేదు. ఎన్ని చావు ఇళ్ళు చూసిన మనిషి! ఆమెకు అప్పుడే అనుమానం రావాల్సింది. భయం కళ్ళకు అడ్డం పడింది. తలుపు తట్టింది.

టిమోతి తీశాడు. ఆమెను చూశాడు, సంచిని చూశాడు. అతని మొహంలో రక్తం దిగిపోయింది.

"మా అమ్మ బతికే ఉన్నది!" అరిచాడు. "గప్పుడే సంచి వట్టుకొని వచ్చినవా? ఆ అబ్బయ్య తోలిండా, పోయిందో లేదో సూసి రమ్మని?"

 బతికి ఉందా? బతికున్న మనిషి గుమ్మంలోకి తను చావు సామాను మోసుకొచ్చిందా? "అయ్యో బిడ్డా, నాకు తెల్వదు... ఫోను జేస్తే..."  వెనక్కి తిరిగింది. రెండు మెట్లు దిగింది కూడా.

లోపలి నుంచి మానస పరుగెత్తుకొచ్చింది. "నేనే పిలిచిన! అత్తమ్మ పొద్దటి సంది ఆంటీ పేరే తీస్తున్నది. పిలిస్తే గిట్ల అనుకుంటరని నాకేం ఎర్క?"

గదిలోంచి సన్నటి గొంతు. "ఎవలు? దానమ్మనా? రానియ్యిండ్రి."

దానమ్మ సంచిని గుమ్మం దగ్గరే వదిలి లోపలికి అడుగు పెట్టింది. మంచం మీద రెబెక్కమ్మ దుప్పటి కింద ఉందా లేదా అన్నంత పలచగా ఉంది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు మాత్రమే మిగిలాయి.

"సంచి గూడ తే" అంది రెబెక్కమ్మ. "నాకు కానరాదనుకున్నవా?"

"తప్పైంది అక్కా. నువ్వు పోయినవనుకొని..."

"రేపో మాపో పోతనే. తొందరేముంది?" నవ్వబోయి ఆయాసపడింది. తర్వాత ఆ కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. "భయమైతుందే. ప్రభువు దగ్గరికి పోతందుకు కాదు. నువ్వు రావని. ఎవలో తెల్వనోళ్ళు నన్ను తిప్పుతరని. ఆ మాట అన్నది నేనే. రోడ్డు మీద అన్న. వాపస్ తీసుకుంట. కాని నాకు నమ్మకం కావాలె. ఇప్పుడే కడుగు. నాకు తెలిసేటట్టు కడుగు."

"బతికున్నోళ్ళను నేనెన్నడు కడగలే అక్కా. నాకు రాదు."

"నాకు మటుకు సచ్చుడు వచ్చా? ఇద్దరం నేర్సుకుందాం."

మానస బకెట్టు తెచ్చింది. దానమ్మ అలవాటు కొద్దీ కుళాయి నీళ్ళలోనే గుడ్డ తడిపి భుజం మీద పెట్టింది. "అబ్బా, సల్లగున్నయే!" అని రెబెక్కమ్మ ఒణికింది. దానమ్మ ఉలిక్కిపడి గుడ్డ వదిలేసింది. ఇన్నేళ్ళలో ఆమె చేతి కింద ఎవరూ చలి అనలేదు. మానసను నీళ్ళు కాచి తెమ్మంది. ముంచేతి లోపలి వైపు పోసుకుని చూసింది. ఇంకాస్త చన్నీళ్ళు కలిపింది. మళ్ళీ చూసింది. మానస కొత్త గంధపు సబ్బు కాగితం విప్పి ఇచ్చింది.

తల, మెడ, చేతులు, వీపు, పాదాలు. చర్మం కింద నరం కొట్టుకుంటూ ఉంటే ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందోనని దానమ్మ ప్రతిచోటా ఆగుతోంది. "గట్టిగనే రుద్దు, ఇరిగిపోను" అంటోంది రెబెక్కమ్మ. ఒకసారి హాయిగా కళ్ళు మూసుకుంటే దానమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "ఉన్ననే" అంది రెబెక్కమ్మ.

అయిపోయాక ఒళ్ళు తుడిచి దుప్పటి కప్పుతుంటే రెబెక్కమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుంది.

"నీకు ఎవలున్నరే?"

 ఆదివారం నుంచి తనను తినేస్తున్న ప్రశ్న ఇంకొకరి నోట వినేసరికి దానమ్మకు గుండె చెరువైంది. రెబెక్కమ్మ ఆ చేతిని మంచం పక్కనున్న నీళ్ళలో ముంచింది. సబ్బు అందుకుంది. జారిపోతే మళ్ళీ అందుకుంది. అరచెయ్యి, వేళ్ళ సందులు, కత్తెర తగిలిన చోటు, మణికట్టు దాకా రుద్దింది. దానమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు పోయాక ఆమెను అలా ముట్టుకున్నవాళ్ళు లేరు. "ఆ చెయ్యి గూడ తే" అంది రెబెక్కమ్మ. దానమ్మ ఎడమచెయ్యి చాపేలోగా రెబెక్కమ్మకు బలం చాలక చేతులు ఒళ్ళో పడ్డాయి. "జర ఆగి" అంది.

టిమోతి ఎప్పటి నుంచి గుమ్మంలో నిలబడ్డాడో తెలియదు. లోపలికి వచ్చి, ఎవరి వంకా చూడకుండా, మురికినీళ్ళ బకెట్టు ఎత్తుకుని పోయాడు.

పొద్దు వాలుతుండగా దానమ్మ రెబెక్కమ్మ తడి జుట్టు ఆరబెడుతూ చిక్కులు తీస్తోంది. రెబెక్కమ్మ ఏదో పాట పల్లవి పెదవులతోనే అంటోంది. రెండో చరణం దగ్గర పెదవులు ఆగాయి. దానమ్మ దువ్వెన ఆపలేదు. ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. చిక్కు పూర్తిగా తీసి, పాపిట సరిచేసి, అప్పుడు మానసను పిలిచింది.

ఏడుపుల మధ్య ఫోను మోగింది. అబ్బయ్య. ఈ గల్లీలో ఆమెను ఎవరో చూసి చెప్పినట్టున్నారు.

"యాడున్నవ్ దానమ్మా?"

యూనిట్‌లో ఉన్నానంటే అయిపోయేది. గొంతు దాకా వచ్చింది కూడా.

"రెబెక్కక్క ఇంట్ల ఉన్న అన్నా. అక్క ప్రభువు దగ్గరికి పోయింది. బతికున్నప్పుడే కడిగిన."

 "ఆదివారం చెప్పిన గదా, దానమ్మా."

"ఇన్న అన్నా."

"ఇగ షెడ్డు మొఖాన రాకు."

"మంచిది అన్నా. వందనాలు." ఫోను పెట్టేసి గోడకు చేరగిలబడింది. భయం పోలేదు. పోతుందేమోనని కాసేపు చూసింది కూడా. మోకాళ్ళలో అలాగే ఉంది. దాంతోనే లేచి, సంచి విప్పి, రెబెక్కమ్మకు తెల్లచీర కట్టింది. కడగాల్సింది ఇక ఏమీ మిగల్లేదు.

వాళ్ళ గుంపు వాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. గుసగుసలు మొదలయ్యాయి. దానమ్మ ఖాళీ సంచి మడిచి, రెబెక్కమ్మ కడగకుండా మిగిలిపోయిన ఎడమచేత్తో పట్టుకుని వెనక తలుపు నుంచి గల్లీలోకి దిగింది.

గదిలో మంచం పక్క కిటికీ గట్టు మీద, తెల్లగా ఆరిపోయిన నురగతో, పైన అక్షరాలు కూడా అరగని గంధపు సబ్బు.