వీపు చాలన్నారు

పదకొండు సినిమాల్లో ఎబియేరెకి దొరికింది ఒకటే వేషం. హీరోయిన్ స్నేహితురాలు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తిండి, నోట్లో ఒక జోకు, అంతే. హీరోయిన్ ప్రేమలో పడి ఏడుస్తుంటే ఈవిడ పక్కన కూర్చుని పఫ్‌పఫ్ ఉండలు మింగుతూ ఉండాలి. ఒక్కో షాటు ఏడెనిమిది సార్లు తీస్తారు కదా, చల్లారిన ఆ నూనె ఉండలు ఎన్ని తినాలో మీరే చూసుకోండి. నిజానికి ఆవిడకి పఫ్‌పఫ్ అంటే చిన్నప్పటినుంచీ పడదు. ఆ సంగతి అడిగిన పాపాన ఒక్క డైరెక్టరూ పోలేదు.

ఈ పన్నెండో సినిమాకి మాత్రం హీరోయిన్ వేషమే అడిగింది. ఎందుకడగదు? కథలో పిల్ల మొదటి సగం లావుగా ఉంటుంది, రెండో సగంలో చిక్కిపోతుంది, అప్పుడుగానీ హీరోగారికి కళ్ళు కనబడవు.

"మొదటి సగానికి నేనున్నాను. ఆ చిక్కడమేదో మానేస్తే రెండో సగానికీ నేనే ఉంటాను" అంది.

డైరెక్టర్ బయోడే పకపకా నవ్వాడు. "భలేదానివక్కా! నిన్ను చూసి ఎవడు కలలు కంటాడు చెప్పు?"

హీరోయిన్ వేషం రివటలాంటి సిమిసోలాకీ, స్నేహితురాలి వేషం మళ్ళీ ఎబియేరెకీ ఇచ్చి, సిమిసోలాని లావుగా చూపించడానికి స్పాంజీ తొడుగు కుట్టించాడు. దానికి కొలతలు ఎవరివనుకున్నారు? ఎబియేరెవే! దర్జీ ఎన్‌కోయో టేపు పట్టుకొచ్చి, "ఏమీ అనుకోకమ్మా, పైనుంచి చెప్పారు" అని తలొంచుకుని కొలిచింది. ఒళ్ళు కావాలట, మనిషి అక్కర్లేదట. ఎబియేరెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నిటారుగా నిలబడి కొలతలిచ్చింది.

షూటింగు మొదలయ్యాక ఒక రోజు సురులేరె పేటలో ఒక హాల్లో పెళ్ళి విందు సీను. లావు పిల్ల హుషారుగా డాన్సు చేస్తుంది, చుట్టాలంతా విరగబడి నవ్వుతారు, హీరో సిగ్గుతో మొహం తిప్పుకుంటాడు. చుట్టాలుగా వెనక వీధి బట్టల బజారు ఆడవాళ్ళని పిలిచారు. తలలకి నిగనిగలాడే గుడ్డలు ఎత్తుగా చుట్టుకుని, సొంత నగలు పెట్టుకుని, వాళ్ళు నిజం పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. చప్పుడని ఫ్యాన్లు ఆపేశారు. రెండు షాట్లకే సిమిసోలా ఆ స్పాంజీలో ఉడికిపోయి కుర్చీలో కూలబడింది.

బయోడే పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నువ్వే కాపాడాలి. సిమిసోలా తొడుగు మీద వేసుకున్న గౌను వేసుకుని నువ్వు ఆడు. మొహం కెమెరా వైపు తిప్పకు. వీపు చాలు."

"వీపు చాలా?"

"చాలక్కా, చాలు."

"సరే, చూద్దాం" అంది ఎబియేరె. గౌను ఆవిడకి ఒక్క పిన్నీసు అవసరం లేకుండా సరిపోయింది.

బయోడే మరిచిపోయింది డోలు తాతని. సీనులో వాయించడానికి పిలిచిన ఆ ముసలాయన నిజం పెళ్ళిళ్ళలో వాయించే మనిషి. చంకలో డోలు నొక్కుతూ, ఆడేవాళ్ళ పేరు డోలుతోనే పలికించి పొగుడుతాడు. ఎబియేరె నడుము రెండుసార్లు తిప్పిందో లేదో, ఆయన మొహం వెలిగిపోయింది. వాయిస్తూ వాయిస్తూ కెమెరా పక్కకి వచ్చేశాడు.

"ఎవరమ్మాయివి తల్లీ? పేరు చెప్పు. పేరు లేకుండా నేనేం వాయించేది?"

వినబడనట్టు ఊరుకోవచ్చు. పదకొండు సినిమాలు అలాగే ఊరుకుంది. ఈసారి నిదానంగా, నిండుగా, కెమెరాకి ఎదురుగా తిరిగింది.

"ఎబియేరె! డోకుబో గారి పెద్దమ్మాయి ఎబియేరె!"

డోలు ఆ పేరునే పట్టుకుంది. ఇక ఆ బజారు ఆడవాళ్ళని ఆపేదెవరు? కుర్చీలు నెట్టేసి లేచారు. వాళ్ళలో రిసి వాళ్ళమ్మ అనే ఆవిడ అందరికంటే ముందొచ్చి, అక్కడి పెళ్ళిళ్ళలో బాగా ఆడినవాళ్ళని మెచ్చుకునే పద్ధతిలో, సొంత సంచీలోంచి నైరా నోట్లు తీసి ఒక్కొక్కటే ఎబియేరె నుదుటికి అద్దింది. మిగతావాళ్ళూ ఎగబడ్డారు. మొహం తిప్పుకోవాల్సిన హీరో చప్పట్లు కొడుతూ నిలబడిపోయాడు.

"కట్! కట్! నోట్లు కాదమ్మా, నవ్వాలి! ఆవిణ్ణి చూసి నవ్వాలి!"

"ఏం చూసి నవ్వమంటావు నాయనా?" రిసి వాళ్ళమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "మా ఇంటి పెళ్ళిలో ఇలా ఆడితే నేను బట్టల తాను చేతిలో పెట్టి పంపుదును. నీకు నవ్వొస్తే నువ్వు నవ్వు, చూస్తాం."

బయోడేకి నవ్వు రాలేదు. "అక్కా, ఇంకొక్కసారి. వీపు మాత్రమే."

"వీపొక్కటే కావాలంటే ఆ కుర్చీలో స్పాంజీ ఉంది, దాంతో ఆడించుకో తమ్ముడూ. నేనొస్తే మొహంతోనే వస్తాను."

గొంతు పెంచలేదు. ఈ మాటతో ఈ సినిమా పోవచ్చు, రేపు ఇంకోదానికి పిలవకపోనూవచ్చు. అయినా చూపు దించలేదు.

"నేను మళ్ళీ అందులో దూరను బాబోయ్!" అని సిమిసోలా కుర్చీలోంచే కేకేసింది.

బయోడే తీసిన ముక్కని చిన్న తెరమీద వేసుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారికి అతని కాలు తాళం వేస్తోంది. అప్పుడు అసిస్టెంటుని పిలిచాడు.

"కథలో ఈవిడ పేరేంటి?"

"పేరు లేదు సార్. 'లావు స్నేహితురాలు' అని రాశాం."

"కొట్టేసి పేరు రాయి. పెళ్ళిలో ఆడేది ఈవిడే. హీరో చూసేదీ ఈవిణ్ణే."

"ఏం పేరు రాయమంటారు?"

బయోడే ఎబియేరె వైపు చూశాడు. ఆవిడ నుదుటికి అతుక్కున్న నోటు తీసి గాజుల్లో దోపుకుంది.

"నన్నెందుకు అడగడం? డోలు తాతకి తెలుసు" అంది.