కుళాయికి పోసిన నీళ్ళు

నేను సినిమా హాల్లో బొమ్మ వేసేవాణ్ణి. అసలు బొమ్మకి ముందు సర్కారు వార్తల రీలు వెయ్యాలని రూలు. వెయ్యకపోతే హాలుకి తాళమే. అందులో ఎప్పుడు చూసినా మంత్రిగారు రిబ్బను కత్తిరించడం, జనం చప్పట్లు కొట్టడం. అది ఆడినంతసేపూ మగాళ్ళు బయటికెళ్ళి బీడీలు కాల్చుకునేవాళ్ళు.

ఓసారి ఆ రీల్లోకి మా వీధే ఎక్కింది. మా వీధి కుళాయి పెట్టిన రోజు నుంచీ గాలి తప్ప ఇంకేం వదల్లేదు. మీ నాయనమ్మ ఎక్కడో ఉన్న బావికెళ్ళి బిందె మోసుకొచ్చేది. నడుం పట్టేసి మంచం మీద వాలిపోయేది పాపం. అలాంటి కుళాయిని మంత్రిగారొచ్చి తిప్పుతారు, కెమెరా పెడతారు అన్నారు. తిప్పితే నీళ్ళు రావాలి కదా. అందుకని ప్రచారం ఆఫీసరు పొద్దున్నే దిగి, గోడ వెనకాల నిచ్చెన వేయించి, పైన డ్రమ్ము పెట్టించి, దాని గొట్టం కుళాయికి కలిపించి, ఆడాళ్ళందర్నీ తలా ఓ బిందె పొయ్యమన్నాడు. మీ నాయనమ్మా పోసింది, తిట్టుకుంటూనే. మంత్రిగారు తిప్పగానే ధార కట్టింది. ఆయన కారు కదలగానే మళ్ళీ గాలి.

రీలు అన్ని హాళ్ళలోనూ ఆడింది. ఇక చూడు మా తిప్పలు. మొర పెట్టుకుందామని నీళ్ళ ఆఫీసుకెళ్తే గుమాస్తా, మీ వీధిలో నీళ్ళు నేను సినిమాలో చూశానుగా అని పంపించేశాడు. మీ నాయనమ్మ వాళ్ళన్న, నాకు బావ, ఊరి ఆ చివరుండేవాడు. అతనొచ్చి, నీకేం తల్లీ మహారాణివి, తిప్పితే చాలు నీళ్ళు అన్నాడు. ఏదీ తిప్పి చూడన్నయ్యా అంది. తిప్పాడు. రాలేదు. "ఇవాళేదో రిపేరై ఉంటుందిలే," అన్నాడు. కళ్ళెదుట ఎండిపోయున్న కుళాయిని నమ్మడు, తెర మీది కుళాయిని నమ్ముతాడు.

ఆ మంట మీదే మీ నాయనమ్మ క్యారేజీ పట్టుకుని నా మిషను గదికొచ్చింది. రోజూ ఆ అబద్ధం వేసేది నువ్వే కదా అని మొదలెట్టింది. రీలు ఒకసారి ఆడితే చివర కొస పైకొచ్చేస్తుంది. మళ్ళీ వెయ్యాలంటే మొదటికి చుట్టుకోవాలి. చుట్టకుండా ఎక్కిస్తే బొమ్మ తలకిందులై వెనక్కి నడుస్తుంది. ఆవిడ దులుపుతుంటే, నేను ఊ కొడుతూ చుట్టడం మర్చిపోయి ఎక్కించేశాను.

హాలంతా గొల్లుమంది. ఏమిటా అని కన్నంలోంచి చూశాను. మంత్రిగారు కాళ్ళు పైకి, తల కిందికి పెట్టి వెనక్కెళ్ళిపోతున్నాడు. తెగిన రిబ్బను అతుక్కుంటోంది. బిందె పైకెళ్ళింది, కుళాయి కిందికొచ్చింది, బిందెలో నీళ్ళు ధారగా కారి కుళాయిలోకి పోతున్నాయి.

మా పక్కింటావిడ ముందు బెంచీలోంచి అంది, "జరిగింది ఇదే కదర్రా. దానికి పోసింది మన బిందెలే కదా."

మిషను ఆపబోయాను. మీ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. ఇన్నాళ్ళకి నిజం వేశావు."

ఆ తర్వాత రీలు తిన్నగా వేసినా నవ్వులే. బీడీలకి లేచేవాడే లేడు. కబురు ఆఫీసరుకి చేరింది. నా పని ఊడిందనుకున్నాను. ఆయనే వచ్చి హాల్లో కూర్చున్నాడు. ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చుట్టి మరీ వేశాను. కుళాయి రాగానే ఎవడో, బిందె పట్రండ్రా, దానికి దాహమేస్తోంది అన్నాడు. మళ్ళీ గొల్లు.

ఆఫీసరు మెట్లెక్కి వచ్చాడు. రీలు సరిగ్గానే వేశావా అనడిగాడు. సరిగ్గానే వేశానండీ అన్నాను. మరి నవ్వెందుకు అన్నాడు. నాకు అన్నం తెచ్చి, ఖాళీ క్యారేజీ సర్దుతున్న మీ నాయనమ్మ అంది, "నీళ్ళు రానివ్వండి బాబూ, ఎందుకు నవ్వుతారు?"

నవ్వారని వీధినంతా జైల్లో పెట్టలేడు. రీలు తిన్నగా వేసినవాణ్ణి పనిలోంచి తీయించలేడు. ఏం మంతనాలాడారో గానీ, మా వీధి తవ్వి కొత్త గొట్టం వేశారు. నిజంగానే నీళ్ళొచ్చాయి. మళ్ళీ మంత్రి, మళ్ళీ కెమెరా. ఆ రీలు వేస్తే జనం ఇంకా పడీపడీ నవ్వారు.

మా బావ వచ్చాడు. చెల్లెలు కుళాయి తిప్పి బిందె నింపుతోంది. అతను నేరుగా గోడ వెనక్కెళ్ళి నిచ్చెన కోసం వెతికాడు.

"పైనుంచి ఎవరు పోస్తున్నారే?"

ఆవిడ నిండు బిందె ఎత్తి వాళ్ళన్న నెత్తిన కుమ్మరించింది. తడిసి ముద్దై నీళ్ళు కారుతూ నిలబడి మా బావ అన్నాడు కదా, "ఈసారి ఏర్పాటు గట్టిగానే చేశారు."